సిగరెట్, బీడీ, చుట్ట: ఒంటికి చేసే చెరుపు, నిషేధం వాదన – తరచుగా అడిగే ప్రశ్నలు

ఒంగోలు, టంగుటూరు, కొండపి, పొదిలి, కందుకూరు, కలిగిరి, డీసీపల్లి. ఈ పేర్లు వినగానే మా ప్రకాశం, నెల్లూరు వైపువాళ్లకు పొగాకు వేలం కేంద్రాలు గుర్తొస్తాయి. బ్యారన్ (పొగాకు ఆకును వేడితో ఆరబెట్టే కొట్టం) మీద బతికిన ఇళ్లున్న చోట పొగ తాగొద్దని చెప్పడానికి కాస్త మొహమాటం ఉంటుంది. ఆ మొహమాటం పక్కన పెట్టి రాసిన జవాబులు ఇవి. రైతు సంగతి కూడా చివర్లో ఉంది, దాటేయలేదు.

రోజుకు రెండే కాలుస్తాను, అది కూడా టీతోనే. దానికీ భయపడాలా?

భయపడాలి, ముఖ్యంగా గుండె విషయంలో. ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు ఎన్ని కాల్చారు, ఎన్నేళ్లు కాల్చారు అన్నదాన్ని బట్టి పెరుగుతూ పోతుంది. గుండెది అలా కాదు. రోజుకు ఇరవై కాల్చేవాళ్లకు గుండెజబ్బు ముప్పు ఎంత పెరుగుతుందో, రోజుకు ఒక్కటి కాల్చేవాళ్లకు అందులో దాదాపు సగం పెరుగుతుంది. కారణం ఏమిటంటే, కొద్దిపాటి పొగకే రక్తంలోని ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అంటుకునే గుణం తెచ్చుకుంటాయి, రక్తనాళాల లోపలి పొర దెబ్బ తింటుంది. కాబట్టి ఇరవై నుంచి రెండుకు తగ్గించుకోవడం మంచిదే కానీ, గుండెకు దక్కే లాభం మీరు అనుకున్నంత ఉండదు. ఆ రెండూ పోతేనే లెక్క.

నికోటినే క్యాన్సర్ తెస్తుందా?

నికోటిన్ చేసేది బానిసను చేయడం. క్యాన్సర్ తెచ్చేది ఆకు కాలినప్పుడు పుట్టే పొగ. అందులో 7,000కు పైగా రసాయనాలు ఉంటాయి, వాటిలో కనీసం 69 క్యాన్సర్ కారకాలని తేలింది: బెంజీన్, ఫార్మాల్డిహైడ్, పొగాకుకే ప్రత్యేకమైన నైట్రోసమైన్లు, రేడియోధార్మిక పొలోనియం-210. వీటికి తోడు కార్బన్ మోనాక్సైడ్. అది రక్తంలో ఆక్సిజన్ కూర్చోవలసిన చోట తాను కూర్చుంటుంది. మెట్లెక్కితే ఆయాసం రావడానికి ఇదొక కారణం.

ఈ తేడా తెలియడం చాలా అవసరం. నికోటిన్ గమ్ వాడమని డాక్టరు చెబితే “అదీ విషమే కదా” అని మానేసి, మళ్లీ సిగరెట్ ముట్టించేవాళ్లు ఎందరో.

మా తాత తొంభై ఏళ్లు చుట్ట కాలుస్తూనే బతికాడు. దీనికేమంటారు?

అలాంటి తాతలు ఉంటారు. యాభై దాటకుండా పోయిన తాతల గురించి మనవళ్లు చెప్పుకోరు, అంతే తేడా. బ్రిటన్‌లో 1951లో మొదలుపెట్టి 34 వేల మందికి పైగా మగ డాక్టర్లను యాభై ఏళ్లు గమనించారు. జీవితాంతం సిగరెట్ కాల్చినవాళ్లు, కాల్చనివాళ్ల కన్నా సగటున పదేళ్లు ముందు పోయారు. ఆ అధ్యయనంలోనే మంచి కబురు కూడా ఉంది. 60 ఏళ్లకు మానినవాళ్లు మూడేళ్లు, 50కి మానినవాళ్లు ఆరేళ్లు, 40కి మానినవాళ్లు తొమ్మిదేళ్లు తిరిగి సంపాదించుకున్నారు. 30కి మానినవాళ్లకు పోయిన పదేళ్లూ దాదాపు మొత్తం దక్కాయి. “ఈ వయసులో ఇంక మానితే ఎంత, మానకపోతే ఎంత” అనే అరవై ఏళ్ల పెద్దమనిషికి చూపించాల్సిన లెక్క ఇదే.

ఫిల్టర్ సిగరెట్, సన్న సిగరెట్ కొంచెం నయమా?

కాదు. పొగలో గాలి కలిసేందుకు ఫిల్టర్ చుట్టూ కంటికి ఆనని బెజ్జాలు ఉంటాయి. యంత్రంతో కొలిస్తే తారు తక్కువగా చూపిస్తుంది. మనిషి యంత్రం కాదు కదా. నికోటిన్ చాలకపోతే దమ్ము గట్టిగా లాగుతాడు, ఎక్కువసేపు లోపల పట్టి ఉంచుతాడు, వేళ్లతో తెలియకుండానే ఆ బెజ్జాలు మూసేస్తాడు. పొగ మరింత లోతుకు పోతుంది.

మేం కాల్చేది బీడీ. చుట్ట కూడా ఉత్త ఆకే కదా?

బీడీలో పొగాకు తక్కువే. కానీ బీడీ చుట్టే తునికాకు గాలి సరిగా ఆడనివ్వదు. ఆరిపోకుండా ఉండాలంటే మాటిమాటికీ గట్టిగా లాగాలి. అందుకే బీడీ పొగలో నికోటిన్, తారు, కార్బన్ మోనాక్సైడ్ సిగరెట్‌కు తీసిపోవు, చాలాసార్లు మించుతాయి. చుట్ట పొగ క్షారగుణం ఉన్నది, లోపలికి పీల్చకపోయినా నోటి పొరల గుండానే నికోటిన్ ఎక్కుతుంది. నోరు, గొంతు, అన్నవాహిక క్యాన్సర్లు దానితో వస్తాయి. ఉత్తరాంధ్రలో ఆడవాళ్లు నిప్పు ఉన్న కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతారు. వాళ్లలో అంగిలి క్యాన్సర్ కనబడడం వైద్య పుస్తకాలకెక్కిన విషయం.

క్యాన్సర్ సరే. మిగతావి ఏమిటి?

జనం క్యాన్సర్‌కే భయపడతారు కానీ, పొగ ఎక్కువమందిని చంపేది గుండెపోటు, పక్షవాతం, ఊపిరితిత్తుల జబ్బులతోనే.

కాళ్ల సంగతి ముందు చెప్పాలి, ఎందుకంటే దాని గురించి ఎవరూ మాట్లాడరు. నలభై కూడా నిండని మగవాడు, రోజుకు కట్ట బీడీలు కాలుస్తాడు. నడిస్తే పిక్క పట్టేస్తుంది, ఆగితే తగ్గుతుంది. కొన్నాళ్లకు కాలివేలు నల్లబడుతుంది, రాత్రిళ్లు నొప్పికి నిద్ర ఉండదు. దీన్ని బర్జర్స్ జబ్బు అంటారు. చిన్న రక్తనాళాలు వాచి పూడుకుపోతాయి. దీనికి పనిచేసే మందు ఒక్కటే, పొగాకును ఏ రూపంలోనూ ముట్టకపోవడం. పూర్తిగా మానినవాళ్లలో చాలామందికి కాలు నిలుస్తుంది. రోజుకు ఒకటో రెండో కొనసాగిస్తే ముందు వేలు, తర్వాత పాదం, తర్వాత మోకాలి కింద దాకా తీయాల్సి వస్తుంది. షుగర్ ఉన్నవాళ్లు పొగ తాగితే కాలి పుండ్లు మానకపోవడానికీ మూలం ఇదే, రక్తం అందకపోవడం.

దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బును డాక్టర్లు సీఓపీడీ అంటారు. శ్వాసనాళాల లోపలి సన్నటి నూగు కళ్లెను పైకి తోస్తూ ఉంటుంది. పొగ ఆ నూగును పడుకోబెడుతుంది. కళ్లె లోపలే నిలిచిపోతుంది. పొద్దున లేవగానే వచ్చే దగ్గు అదే. “పొగ తాగేవాడికి దగ్గు మామూలే” అని పదేళ్లు తోసేస్తారు. ఈలోగా గాలి గదుల గోడలు కరిగిపోతాయి. అవి తిరిగి రావు. మానితే ఆ కరగడం నెమ్మదిస్తుంది.

టీబీ ముప్పు పొగ తాగేవాళ్లకు రెండింతలకు పైనే. మగవాళ్లలో అంగస్తంభన లోపం, వీర్యకణాలు తగ్గడం, కళ్లలో శుక్లాలు, ఎముకలు అతుక్కోవడం ఆలస్యం కావడం, చిగుళ్ల జబ్బు కూడా ఈ జాబితాలోవే. ఆపరేషన్ ఉన్నవాళ్లు కనీసం నాలుగు వారాల ముందు మానితే గాయం త్వరగా మానుతుంది, ఊపిరితిత్తుల ఇబ్బందులూ తగ్గుతాయి.

చీమకుర్తిలో గ్రానైట్ పని. దుమ్ముతోనే సగం పోయాం, సిగరెట్ ఒక లెక్కా?

లెక్కే, అదీ పెద్ద లెక్క. రాయి కోసేచోట, పాలిష్ పట్టేచోట లేచే సన్నటి సిలికా దుమ్ము సొంతంగానే ఊపిరితిత్తులను గట్టిపరుస్తుంది. సిలికోసిస్ వచ్చినవాడికి టీబీ సులువుగా అంటుకుంటుంది. దాని మీద పొగ పడితే దుమ్మును బయటికి తోసే ఆ నూగు కూడా పనిచేయదు. గూడూరు వైపు మైకా గనుల్లో పనిచేసినవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. నీళ్లు పోస్తూ కోయడం, సరైన మాస్కు కట్టడం యజమాని చేతిలో ఉన్నవి. సిగరెట్ మానడం ఒక్కటే పూర్తిగా మీ చేతిలో ఉంది.

ఎక్స్‌రే తీయించాను, బాగుందన్నారు. ఇంకేం భయం?

ఎక్స్‌రేలో సీఓపీడీ మొదటి దశ కనబడదు. దానికి స్పైరోమెట్రీ అనే ఊదే పరీక్ష చేయించాలి, పది పదిహేను నిమిషాల పని. ఒంగోలు రిమ్స్, నెల్లూరు పెద్దాసుపత్రి లాంటి చోట్ల ఛాతీ విభాగంలో అడగండి. వెళ్లేముందు మీ “ప్యాక్ ఇయర్స్” లెక్క వేసుకోండి. రోజుకు కాల్చే సిగరెట్లను ఇరవైతో భాగించి, కాల్చిన ఏళ్లతో గుణించాలి. రోజుకు పది చొప్పున ముప్పై ఏళ్లయితే 15. మన పెట్టెల్లో చాలావరకు పదే ఉండడం వల్ల “రోజుకు పెట్టె” అని చెబితే డాక్టరు ఇరవై అనుకునే ప్రమాదం ఉంది, సంఖ్య చెప్పండి.

మూడు వారాలు దాటిన దగ్గు, కళ్లెలో రక్తం, గొంతు మారి బొంగురు పోవడం, కారణం లేకుండా బరువు తగ్గడం, నోట్లో మానని పుండు లేదా తెల్లమచ్చ: వీటిలో ఏది ఉన్నా ఆగకండి.

మానాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

రెండు వారాల లోపు ఒక తేదీ పెట్టుకోండి. పెళ్లి, తిరునాళ్ల, వేలం రోజుల హడావుడి లేని తేదీ అయితే మేలు. ఆ లోపు మూడు రోజుల పాటు ప్రతి సిగరెట్ ఎప్పుడు, ఎవరితో, ఎందుకు కాల్చారో కాగితం మీద రాయండి. చాలామందికి ఒకే నాలుగైదు చోట్లు బయటపడతాయి: లేవగానే, టీ బంకు, భోజనం తర్వాత, మద్యం, ఫోన్‌లో గొడవ. మానాల్సింది ఆ నాలుగైదు చోట్ల. టీ బంకు దగ్గర నిలబడకుండా ఇంట్లో టీ తాగడం, భోజనం కాగానే లేచి నడవడం, మొదటి నెల మద్యం జోలికి పోకపోవడం. ఒక్క మద్యం దగ్గరే మళ్లీ మొదలుపెట్టేవాళ్లు చాలామంది.

మొదటి రెండు మూడు రోజులు కష్టం గరిష్ఠంగా ఉంటుంది: చిరాకు, నిద్ర పట్టకపోవడం, తలనొప్పి, ఆకలి. రెండు నుంచి నాలుగు వారాల్లో చాలావరకు తగ్గుతుంది. ఒక్కొక్క యావ మాత్రం మూడు నుంచి ఐదు నిమిషాలకు మించి నిలవదు. ఆ ఐదు నిమిషాలు చేతికీ నోటికీ పని ఉంటే చాలు: గ్లాసు నీళ్లు గుక్క గుక్కగా, లవంగం, సోంపు. వక్కపొడి మాత్రం వద్దు, వక్కలోనే క్యాన్సర్ కారకం ఉంది.

జాతీయ సలహా కేంద్రం నంబరు 1800-112-356 ఉచితం. పెట్టె మీదే అచ్చయి ఉంటుంది, ఇన్నాళ్లూ చూసీ చూడనట్టు వదిలేసింది అదే.

నికోటిన్ గమ్ నమిలాను. ఎక్కిళ్లు, గుండెల్లో మంట తప్ప ఏమీ రాలేదు.

మామూలు చూయింగ్ గమ్‌లా నమిలారన్నమాట. అందరూ చేసేది అదే. నికోటిన్ చిగుళ్ల గుండా ఎక్కాలి. గబగబా నమిలితే లాలాజలంతో కడుపులోకి పోయి మంట పుట్టిస్తుంది, రక్తంలోకి చాలినంత చేరదు. నెమ్మదిగా నమలండి. నోట్లో మిరియం తగిలినట్టు చురుకు రాగానే ఆపి, బుగ్గకూ చిగురుకూ మధ్య పెట్టండి. చురుకు తగ్గాక మళ్లీ కాస్త నమిలి, ఇంకో పక్క పెట్టండి. ఒక గమ్ అరగంట రావాలి.

గమ్‌కు పదిహేను నిమిషాల ముందు నుంచి కాఫీ, సోడా, నిమ్మరసం తాగకూడదు. నోరు పుల్లగా ఉంటే నికోటిన్ ఎక్కదు. నిద్ర లేచిన అరగంటలోపు మొదటి సిగరెట్ వెలిగించేవాళ్లకు 4 మిల్లీగ్రాములది, తర్వాత వెలిగించేవాళ్లకు 2 మిల్లీగ్రాములది సరిపోతుంది. మొదటి ఆరు వారాలు గంట రెండు గంటలకు ఒకటి, తర్వాత మూడు వారాలు రెండు నుంచి నాలుగు గంటలకు ఒకటి, చివరి మూడు వారాలు నాలుగు నుంచి ఎనిమిది గంటలకు ఒకటి. రోజుకు రెండో మూడో నమిలి “పనిచేయలేదు” అనేవాళ్లు మోతాదు చాలనివాళ్లు.

బ్యుప్రోపియాన్, వరెనిక్లిన్ అనే మాత్రలూ ఉన్నాయి, డాక్టరు చీటీ మీదే. మూర్ఛ ఉన్నవాళ్లకు బ్యుప్రోపియాన్ ఇవ్వరు. ఆ సంగతి మీరే ముందు చెప్పాలి.

పొద్దున్నే సిగరెట్ పడకపోతే దొడ్డికి రాదు. ఏం చేయాలి?

ఇది సిగ్గుపడాల్సిన ప్రశ్న కాదు, నిజానికి చాలామంది మానకపోవడానికి అసలు కారణం ఇదే. నికోటిన్ పెద్దపేగును కదిలిస్తుంది. మానిన కొత్తలో కొన్ని వారాలు మలబద్ధకం వస్తుంది, తర్వాత పేగు తన పని తాను నేర్చుకుంటుంది. లేవగానే రెండు గ్లాసుల గోరువెచ్చటి నీళ్లు, రాత్రి ఒక జామకాయో బొప్పాయి ముక్కలో, సజ్జ రొట్టెలు, ఆకుకూర. చాలకపోతే పడుకునేముందు ఇసబ్గోల్ రెండు చెంచాలు, నిండు గ్లాసు నీళ్లతో. నీళ్లు తగ్గిస్తే అది ఇంకా బిగదీస్తుంది.

మానాక కాఫీ తాగితే గుండె దడగా ఉంటోంది.

పొగ కాలేయంలోని ఒక ఎంజైమును ఉరకలెత్తిస్తుంది, అది కెఫీన్‌ను త్వరగా కరిగిస్తుంది. మానగానే ఆ వేగం పడిపోతుంది. అదే రెండు కప్పుల కాఫీ ఇప్పుడు నాలుగు కప్పుల పని చేస్తుంది. సగానికి తగ్గించండి. ఇంతకంటే ముఖ్యమైనది: ఆయాసానికి థియోఫిలిన్ మాత్రలు, మానసిక జబ్బుకు ఒలాంజపిన్, క్లోజపిన్ వాడేవాళ్లు మానే ముందే డాక్టరుకు చెప్పాలి. అదే మోతాదు మానాక ఎక్కువైపోతుంది. బరువు మొదటి ఏడాదిలో నాలుగైదు కిలోలు పెరగవచ్చు. గుండెకు కలిగే మేలు ముందు అది చాలా చిన్న నష్టం.

సిగరెట్ బదులు ఖైనీ వేసుకుంటున్నా. ఈ-సిగరెట్ సంగతేమిటి?

ఖైనీ, గుట్కా, జర్దా కిళ్లీ పొగను తప్పిస్తాయి కానీ నోటి క్యాన్సర్‌ను తెచ్చిపెడతాయి. ఈ-సిగరెట్ తయారీ, అమ్మకం, దిగుమతి, నిల్వ 2019 నుంచి దేశమంతటా నిషేధం.

ఇంట్లో కాల్చను, వాకిట్లోనే కాలుస్తాను. పిల్లలకు ఇబ్బంది లేదుగా?

లోపల కాల్చడం కన్నా నయం, అంతకు మించి కాదు. తలుపు సందుల్లోంచి పొగ లోపలికి వస్తుంది, చొక్కాకూ చేతులకూ అంటిన అవశేషాలు బిడ్డను ఎత్తుకోగానే చేరతాయి. పక్కవాళ్ల పొగతో పిల్లలకు ఉబ్బసం, చెవిపోటు, నిమ్ము పెరుగుతాయి. గర్భిణికి తగిలితే బిడ్డ బరువు తక్కువ పుట్టే అవకాశం ఉంది. కారులో అద్దం దించి కాల్చినా అంతే.

అసలు ప్రభుత్వం సిగరెట్లను ఎందుకు నిషేధించదు? నిషేధిస్తే దొంగచాటుగా అమ్మరా?

మా అభిప్రాయం సూటిగా: నిషేధించాలి, అయితే ఒక్క రాత్రిలో కాదు. వాడమన్న విధంగానే వాడినా, మానకుండా వాడినవాళ్లలో సగం మంది దాకా చంపే సరుకు ఇది. ఇలాంటిది కొత్తగా ఇవాళ తయారుచేసి అనుమతి అడిగితే ఏ దేశమూ ఇవ్వదు. పాతది కాబట్టే చెల్లుతోంది. పన్ను రాబడి పోతుందన్న వాదన కూడా నిలవదు. 2017–18లో 35 ఏళ్లు దాటినవాళ్ల పొగాకు జబ్బులు, చావుల వల్ల దేశానికి పడిన భారం 1.77 లక్షల కోట్ల రూపాయలని లెక్కగట్టారు. పొగాకు మీద వచ్చే ఎక్సైజు రాబడి అందులో చిన్న భాగమే.

ఇక దొంగచాటు అమ్మకం. ఆ భయం ఉత్తది కాదు. భూటాన్ 2004లో అమ్మకం నిషేధించింది, మన సరిహద్దు నుంచే సరుకు దొంగతనంగా పోయింది, 2021లో ఎత్తేశారు. దక్షిణాఫ్రికా 2020 మార్చి నుంచి ఆగస్టు దాకా అమ్మకం ఆపితే, తాగేవాళ్లు ఎక్కువ ధర పెట్టి చీకటి బజారులో కొన్నారు. మన అనుభవమూ ఉంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. 1993 ఏప్రిల్‌లో జిల్లాలో, అక్టోబరులో రాష్ట్రమంతటా సారా పోయింది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం మాత్రం 1997కు సడలిపోయింది. ఊరు కోరుకుని తెచ్చుకున్నది ముందుకు నడిచింది, పైనుంచి ఒక్కసారి దించినది నిలవలేదు. దీన్ని మేం ఇలాగే చదువుతాం.

అందుకని తరాల వారీ నిషేధం సరైన దారి అనిపిస్తుంది. మాల్దీవులు 2025 నవంబరు నుంచి, 2007 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకు పొగాకు అమ్మకాన్ని జీవితాంతం నిషేధించింది. ఇవాళ కాల్చే నలభై ఏళ్లవాడిని నేరస్థుణ్ని చేయదు, కొత్తవాణ్ని చేరనివ్వదు. న్యూజిలాండ్ 2022లో ఇలాంటి చట్టమే చేసి, ప్రభుత్వం మారాక 2024లో రద్దు చేసుకుంది. అంటే చట్టం చేయడం కన్నా నిలబెట్టుకోవడం కష్టం. మన దగ్గర దానికి ముందు మెట్లు రెండు. విడి సిగరెట్ల అమ్మకం ఆగాలి, ఎందుకంటే 85 శాతం బొమ్మల హెచ్చరిక పెట్టె మీదే ఉంటుంది, ఒక్క కాడ కొనే కుర్రాడికి కనబడదు, పైగా జేబులో చిల్లరకే దొరికిపోతుంది. రెండోది, బీడీ మీద పన్ను సిగరెట్‌తో పాటు పెరగాలి. లేకపోతే సిగరెట్ మానినవాడు బీడీకి దిగుతాడు. శిక్ష అమ్మేవాడికీ తయారుచేసేవాడికీ ఉండాలి, తాగేవాడికి వైద్యం ఉండాలి.

మరి పొగాకు రైతు ఏం కావాలి?

ఇక్కడ పండే వర్జీనియా రకం పొగాకులో పెద్ద భాగం ఎగుమతికే పోతుంది. టంగుటూరులో ఒకరు సిగరెట్ మానితే కొండపిలో రైతుకు ధర పడిపోదు. ఇది మొదట గుర్తుంచుకోవాలి.

రైతు పొగాకును వదలకపోవడం మొండితనం కాదు. పొగాకు బోర్డు బ్యారన్‌కు లైసెన్సు ఇస్తుంది, పంట పరిమాణం ముందే చెబుతుంది, బ్యాంకు అప్పు ఇస్తుంది, వేలంలో డబ్బు ఖాతాకు వస్తుంది. శనగకు ఇందులో ఏముంది? ధర లేని ఏడాది బస్తాలు కోల్డ్ స్టోరేజీలో మగ్గుతాయి. నల్లరేగడిలో శనగ, మినుము, కంది, తేలికనేలల్లో సజ్జ, వేరుశనగ, అలసంద పండుతాయని రైతుకు ఎవరూ చెప్పక్కర్లేదు. కొనేవాడు ఎవరన్నదే ప్రశ్న. పొగాకు కూడా ఎప్పుడూ భరోసా కాదని 2025లో నల్లబర్లీ రకం పొగాకు వేసినవాళ్లు చూశారు. కంపెనీలు వెనక్కి తగ్గితే రాష్ట్ర సహకార సంస్థ మార్క్‌ఫెడ్ దిగి కొనాల్సి వచ్చింది.

పంట పరిమాణాన్ని ఏటా నిర్ణయించే యంత్రాంగం ఇప్పటికే ఉంది కాబట్టి, దాన్నే కొంచెం కొంచెం తగ్గిస్తూ, లైసెన్సు వదులుకునేవాళ్లకు బ్యారన్ పరిహారం, పప్పుధాన్యాలకు అదే వేలం కేంద్రంలో అదే పద్ధతిలో కొనుగోలు ఇవ్వొచ్చు. ప్రత్యామ్నాయ జీవనోపాధికి తోడ్పడాలన్న మాట, మన దేశం 2004లో ఆమోదించిన అంతర్జాతీయ పొగాకు నియంత్రణ ఒప్పందంలోనే ఉంది.

ఆకు రెలిచే (కోసే) కూలీలకు వాంతులు, కళ్లు తిరగడం ఎందుకు?

అది ఎండదెబ్బ మాత్రమే కాకపోవచ్చు. పచ్చాకు మీది మంచులోకి నికోటిన్ కరిగి, తడి బట్టల గుండా చర్మంలోకి దిగుతుంది. పచ్చాకు జబ్బు అనొచ్చు. కొన్ని గంటల్లో వికారం, వాంతులు, తలనొప్పి, నీరసం. మంచు ఆరాక రెలవడం, నిండు చేతుల చొక్కా, గ్లవ్స్, చంకలో ఆకు పెట్టుకోకపోవడం, బట్టలు తడిస్తే వెంటనే మార్చుకుని సబ్బుతో కడుక్కోవడం అవసరం. పిల్లలనూ గర్భిణులనూ ఈ పనికి పంపకూడదు.

ఇప్పుడున్న చట్టంతోనే ఊళ్లో ఏం చేయించొచ్చు?

బస్టాండు, ఆసుపత్రి, హోటలు, ఆఫీసులలో పొగ తాగడం 2008 అక్టోబరు 2 నుంచి నిషేధం, జరిమానా 200 రూపాయల దాకా. 18 ఏళ్లు నిండనివారికి అమ్మడం, బడికి వంద గజాల లోపు అమ్మడం కూడా నేరమే. వంద గజాలంటే 91 మీటర్లు, బడి ప్రహరీ బయటి అంచు నుంచి అన్ని దిక్కులా కొలవాలి, గేటు నుంచి దారి వెంట కాదు. టేపు పట్టుకుని కొలిచి, బంకుల జాబితాతో ప్రధానోపాధ్యాయుడు, పంచాయతీ కార్యదర్శి సంతకాలు పెట్టి ఎస్సైకి ఇస్తే పని కదులుతుంది. మైనరుకు అమ్మినచోట బాలల న్యాయ చట్టం 77వ సెక్షన్ పెట్టమని రాతపూర్వకంగా అడగండి. దాని కింద ఏడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా ఉంది. రెండు వందల జరిమానాకు లెక్కచేయని బంకు కూడా ఆ సెక్షన్ పేరు వింటే డబ్బా లోపలికి సర్దేస్తుంది.